నాలుగుంబావు దాటాక

రెండువేల మూడు, వానాకాలం. యాకుత్‌పురా స్టేషన్ వెనక మేడమీది గదిలో, ముసురు పట్టిన మధ్యాహ్నం, సంహిత తను రాసిన ప్రోగ్రామ్‌ను తనే తిట్టుకుంటూ కూర్చుంది. గోడలు చెమ్మగిల్లి తడి సున్నం వాసన వేస్తున్నాయి.

అది నర్సింగ్‌హోమ్‌లో గుండె చప్పుళ్లు కొలిచే యంత్రాన్ని కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ ప్రోగ్రామ్. ప్రతి చప్పుడుకూ టైము వేస్తుంది. నెలన్నర ఆపకుండా నడిస్తే లోపలి టైము లెక్క నిండి మళ్లీ సున్నాకు వచ్చి, టైము వెనక్కి పరిగెత్తేది. దాన్ని సరిచేసి సాయంత్రానికల్లా ఇచ్చేయాలి. పరీక్షకు నెలన్నర ఎవరు కాచుకుంటారు? లెక్కను నిండే అంచుకు తోసిపెట్టి, నర్సింగ్‌హోమ్ నుంచి తెచ్చిన యంత్రం క్లిప్పును అన్న ముకుంద్ వేలికి తగిలించింది.

లెక్క నిండింది. టైము వెనక్కి పోలేదు, ముందుకు దూకింది. గోడ గడియారంలో నాలుగే. తెరమీద మాత్రం రాబోయే నిమిషాల గుండె చప్పుళ్లు గబగబా వరసలుగా పడి, నాలుగుంబావు దగ్గర ఆగిపోయాయి.

తన వేలు పెట్టి చూసింది. వరసలు రాత్రి దాటి రేపటిలోకి పోతూనే ఉన్నాయి. మళ్లీ అన్న వేలు... మళ్లీ నాలుగుంబావే.

సంహిత గోడ గడియారం వైపు చూసింది. నాలుగూ ఐదు.

ముకుంద్ లేచాడు. "ఛాయ్ తాగొస్త. పట్టాలవతలనే గద."

"వద్దన్నా. నాలుగుంబావు దాంక ఈడనే కూసో."

"ఏంది చెల్లె, గింత ఫికర్?" అన్నాడు గానీ, ఆమె ముఖం చూసి కూర్చున్నాడు.

వాన పెరిగింది. కింద రైలు వచ్చింది. నేల అదిరింది. కరెంటు పోయింది.

చీకటి... తడి సున్నం వాసన... రైలు పోయాక ఏ చప్పుడూ లేదు.

"అన్నా..." గుసగుసగా పిలిచింది.

జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. "ఈడనే ఉన్న."

కరెంటు వచ్చేసరికి గడియారంలో నాలుగూ ఇరవై. ముకుంద్ అదే కుర్చీలో, అదే నవ్వుతో ఉన్నాడు. సంహితకు ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చూసినవా? తప్పు నీ ప్రోగ్రామ్‌దే," అన్నాడు.

ఆమె వేళ్లు అతని మణికట్టు మీద వెతుకుతున్నాయి. కాస్త పైన... కాస్త కింద... ఎక్కడా ఏమీ కొట్టుకోవడం లేదు.

"నమ్మకం లేకుంటే మళ్ల పెట్టి చూడు," అంటూ ముకుంద్ క్లిప్పు కోసం వేలు చాపాడు.