కప్పు గదిలో గోలీ

దెయ్యాలంటే మా వంశంలోనే ఎవరికీ లెక్కలేదు. అందులో నా ధైర్యం మరీ ప్రత్యేకం. రాత్రి నీళ్ళు తాగాలంటే అక్కను లేపుతాను, అంతే తేడా.

అలాంటి నేను కూడా చీకటి పడ్డాక స్టేడియం గ్యాలరీ కిందున్న కప్పు గది వైపు వెళ్ళను.

దేశం మొత్తానికి ఒకటే ఫుట్‌బాల్ కప్పు, దాని ఫైనల్ ఎప్పుడూ మా స్టేడియంలోనే. ఒక్కసారి ఓడితే మూటాముల్లే సర్దుకోవడమే. డెబ్బై ఏళ్ళుగా గెలిచిన జట్ల పేర్లన్నీ దాని వెండి పీఠం మీద చెక్కి ఉన్నాయి, మాది తప్ప. మావాళ్ళు నాలుగుసార్లు ఫైనల్‌కెళ్ళి, నాలుగుసార్లూ చప్పట్లు కొట్టి వచ్చారు.

మొదటి ఫైనల్లో కాళ్ళ సందులోంచి బంతి వదిలేసిన మా గోల్‌కీపర్, అదే గోలీ, చచ్చాక ఆ గదిలో చేరాడట. గెలిచినవాళ్ళ పేరు గోళ్ళతో గీకుతుంటాడట. బతికుండగా ఆ చేతులు అంత పనిచేసుంటే ఈ గొడవే ఉండేది కాదు!

మొన్న ఐదో ఫైనల్ రాత్రి జరిగిందిది. వాచ్‌మన్ తాత నాకొక్కడికే చెప్పాడు.

మళ్ళీ ఓడాం. జనం వెళ్ళిపోయారు. తాత టార్చితో తాళాలు చూసుకుంటూ వస్తున్నాడు...

కర్ర్... కర్ర్...

ఆగాడు. శబ్దమూ ఆగింది. అడుగేశాడు —

కర్ర్...

కప్పు గదిలోంచే!

తాత మెల్లగా తలుపు దగ్గరికి జరిగాడు. తలుపుకి చెవి ఆనించి గుసగుసగా అడిగాడు — "గోలీ బాబూ... నువ్వేనా?"

"...ఊఁ" అంది లోపలి గొంతు.

ఇంకొకరైతే పంచె వదిలేసి పరిగెత్తేవారు. తాత మా జట్టు అభిమాని. యాభై ఏళ్ళ కడుపుమంట భయాన్ని మింగేసింది.

"ఆ బంతి ఎట్లా వదిలావయ్యా? పాకే పిల్లాడైనా ఆపేవాడే!"

"...ఎండ... కళ్ళల్లో పడింది..."

"ఆరోజు వాన కదరా!"

ఒక్క తన్నుతో తలుపు తీశాడు. టార్చి వెలుగులో... మా మామయ్య! ఒళ్ళో కప్పు, చేతిలో ఆకురాయి, మీసం నిండా వెండి పొడి.

ముప్ఫై ఏళ్ళుగా ఆ పేర్లు చెక్కేది మామయ్యే. ఆ గదిలోంచి మైదానం కనపడదు. ఎవరైనా పరిగెత్తుకొచ్చి ఫలితం చెప్తే, కప్పు పైకి తీసుకెళ్ళేలోపు చెక్కెయ్యాలి. ఈసారి చెక్కింది మా జట్టు పేరు! తప్పు తెలిసే వేళకి కప్పు కోసం మనుషులొచ్చేశారు. పీఠానికి రిబ్బను చుట్టి ఇచ్చేశాడు. పెట్టెలో సర్దడానికి కప్పు మళ్ళీ గదికొచ్చింది. తెల్లారితే గెలిచినవాళ్ళు పట్టుకుపోతారు, ఈలోగా ఆ పేరు అరగదీసెయ్యాలి. రిబ్బను విప్పారంటే మామయ్య ఉద్యోగం గోవిందా.

"బాబాయ్... ఎవరికీ చెప్పకు. పిల్లలున్నవాణ్ణి."

తాత వంగి, మా జట్టు పేరు వేలితో తడిమాడు.

"చెప్పన్లే. కాసేపు ఉంచరా... చూసుకోనీ."

ఆ తర్వాత తెల్లారేదాకా టార్చి పట్టుకుని కూర్చున్నాడు.

ఇంతకీ ఆ ఫలితం మోసుకెళ్ళిన ఘనుడెవరంటారా?

నేనే. స్కోరు సమానం, ఇంకా ఐదు నిమిషాలుంది. ఆ ఐదు నిమిషాలు చూసే గుండె చాలక బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చున్నాను. పైన స్టేడియం హోరెత్తింది. గెలిచేశాం అనుకుని పరిగెత్తాను.

ఆ హోరు అవతలివాళ్ళది.