షామాకి అందని బండి

రండి, దగ్గరికి జరగండి. టీ గ్లాసుల చప్పుడు ఆపండి. ఆ మూల గుసగుసలాడే ఇద్దరూ, మీ పెళ్ళి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ పెళ్ళి సంగతి వినండి.

మన మర్రకేష్‌లో మహ్‌జూబ్ మోటారు సైకిల్‌ని చూడనివాళ్ళు లేరు. అంత ఎత్తు బండి మరొకటి పుట్టలేదు. ఒక ఏడు కొంగ వచ్చి దాని అద్దం మీద గూడు కట్టి పిల్లల్ని కూడా పెట్టింది. కిందనుంచి ఎవరికీ కనబడక ఎవరూ అదిలించలేదు.

మహ్‌జూబ్ హమ్మామ్ పొయ్యి చూసుకుంటాడు. స్నానాలకి నీళ్ళు కాగే ఆ పొయ్యి బూడిదలోనే బజారు మగవాళ్ళంతా తమ తంజియా కుండలు పెట్టిస్తారు. మాంసం, వెల్లుల్లి, ఊరేసిన నిమ్మకాయ. రాత్రంతా మగ్గిన కుండల్ని శుక్రవారం తోటల్లో విందు చేసుకునేవాళ్ళకి బండి మీద అందించాలి. ఈ మధ్య మహ్‌జూబ్ మోకాలు మొరాయించింది. ఆ పని నేను చేస్తానంది కూతురు షామా. చిక్కల్లా ఒకటే. షామా పొట్టి. బండెక్కితే కాళ్ళు గాల్లో ఈదుతాయి.

తండ్రి ఒకే మాట చెప్పాడు. కాళ్ళు నేలకి ఆనించి, ఈ శుక్రవారం కుండలు పగలకుండా చేర్చిందా, బండి ఆమెది. లేదా, మర్నాడే అమ్మేస్తాడు. ఆ బండి మీద ఊరంతా తిరగాలని చిన్నప్పట్నుంచీ కలలు కంటున్న పిల్ల. ఊరుకుంటుందా? బండిని తోసుకుంటూ జిలాలి కొట్టుకి పోయింది.

జిలాలి తాతలు కంచరగాడిదలకి జీనులు కుట్టినవాళ్ళు. ఇతను బండ్లకి సీట్లు కుడతాడు. తలెత్తి చూశాడు.

"అరె, బండి దానంతటదే నడిచొచ్చింది" అన్నాడు.

"నీ కళ్ళు కూడా సీట్లో పెట్టి కుట్టేశావా, మేస్త్రీ?" అంది బండి వెనకనుంచి షామా.

ఆ గొంతు వినగానే జిలాలి చేతిలో సూది దారం లేకుండానే కుట్టడం మొదలెట్టిందట. షామాని బండెక్కించి, పాదం ఎక్కడిదాకా వస్తుందో చూసి, స్పాంజి కోసి, రెక్సిన్ బిగించాడు. మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. కాళ్ళు ఇంకా గాల్లోనే.

"నిన్న ఇంతకంటే పొడుగ్గా ఉన్నావు" అన్నాడు అనుమానంగా.

"నిన్న నువ్వు ఇంతకంటే తెలివిగా ఉన్నావు."

సంగతేమిటంటే, మొదటి రోజు ఆమె వేసుకొచ్చింది హమ్మామ్‌లో వేసుకునే ఎత్తు చెక్కచెప్పులు. జీనులు కుట్టే వంశం మరి, వాళ్ళు జంతువు వీపు చూస్తారు గానీ ఎక్కేవాళ్ళ కాళ్ళు ఎప్పుడు చూశారు?

ఇంకా కోశాడు. కోసీ కోసీ సీటు రొట్టెలా పలచబడింది. ఒక సందు తిరిగొచ్చేసరికి షామా పళ్ళు కూడా నొప్పెట్టాయి. ఈసారి పక్క మెకానిక్‌ని బతిమాలి వెనక పొట్టి షాకబ్జార్లు వేయించాడు. బండి దిగింది. అయితే స్టాండ్ మాత్రం పాత పొడుగుదే. పక్కకి వాలాల్సిన బండి నిటారుగా నిలబడి, ఒక క్షణం ఆలోచించి, అవతలివైపు ఒరిగింది. అక్కడుంది నత్తల పులుసు అమ్మే అబ్బాస్ తోపుడుబండి. ఉడికిన నత్తలు కూడా లేచి పరుగందుకున్నాయి. సాయంత్రానికి సముద్రం చేరాయని చూసినవాళ్ళు చెప్పారు.

అప్పటికి గురువారం. షామా నవ్వలేదు, తిట్టలేదు. గోడకి ఆనుకుని కూర్చుంది. రేపు కాళ్ళు ఆనించి కుండలు చేర్చకపోతే నాన్న బండి అమ్మేస్తాడని అప్పుడు చెప్పింది.

జిలాలి స్టాండ్ కోయించాడు. సీటుకి కాస్త స్పాంజి తిరిగి పెట్టి, ముందువైపు రెండు పక్కలా చెక్కి సన్నగా చేశాడు. తొడలు దగ్గరపడి కాళ్ళు తిన్నగా దిగాయి. పాదాలు రెండూ నేలకి ఆనాయి.

షామా కిందికి చూసుకుంది. తర్వాత అతన్ని చూసింది. "ఇది మొదటి రోజే చెయ్యొచ్చుగా?"

జిలాలి చెవులు ఎర్రబడ్డాయి. "చెయ్యొచ్చు. చేస్తే నువ్వు మళ్ళీ రావుగా."

"నా బండి పోయేది తెలుసా?"

"శుక్రవారం సంగతి నువ్వు ఇవాళేగా చెప్పావు. ముందే తెలిస్తే ఆ రోజే చెక్కేవాణ్ణి. తప్పు నాదే, తిట్టు."

తిడుతుందనే అనుకున్నాడు. ఆమె తన గుడ్డచెప్పుల వంకే చూస్తూ, "చెక్కచెప్పులు కావాలనే వేసుకొచ్చాను" అంది. "నీకు పొట్టిగా కనబడకూడదని."

"నేను నీకు ముందే తెలుసా?"

"ప్రతివారం నీ తంజియా కుండలో ఓ నిమ్మకాయ ఎక్కువెలా వస్తోందనుకున్నావు?"

మర్నాడు కుండలన్నీ చెక్కుచెదరకుండా తోటలు చేరాయి. ఎర్రదీపం పడ్డ ప్రతిచోటా షామా రెండు కాళ్ళూ కింద ఆనించి దొరసానిలా నిలబడింది. తిరిగొచ్చాక మహ్‌జూబ్ ఆ సీటెక్కి చూశాడు. మోకాళ్ళు చెవులకి తగిలాయి.

"ఇది ఇంక ఎవరికీ పనికిరాదు, అమ్మడానికి లేదు" అన్నాడు. ఆపైన పొయ్యి వంక తిరిగి, "ఆ కోసినవాణ్ణి వాళ్ళమ్మతో రమ్మను" అన్నాడు.

సాయంత్రమే జిలాలి తల్లితో వచ్చాడు, చంకలో పెళ్ళివారు తెచ్చే పంచదార దిమ్మతో. ఆడవాళ్ళు ఆనందంగా కూతలు పెడుతుంటే, వీధంతా గుమ్మంలో మూగింది. అందర్నీ తోసుకుని అబ్బాస్ ముందుకొచ్చాడు.

"నా నత్తల్ని క్షమించేశాను జిలాలీ. ఒక్క సాయం చెయ్యి. మా అత్తకి గాడిద అందటం లేదు, దాన్ని ఓ జానెడు కిందికి దించు. స్టాండ్ సంగతి నేను చూసుకుంటా."