నలభయ్యో గింజ

ధర్మ కౌంటరు మీద పెట్టిన అడ్డతీగ నార ముక్కను గాయత్రి రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇదేటి?"

"టైమింగ్ బెల్టు కొలతండి. ఇంత పొడుగుది ఇవ్వండి."

"నార తడిస్తే ఒక కొలత, ఆరితే ఇంకో కొలత. నిన్నంతా వానే. దీంతో మేకని కట్టుకో బాబూ. ఏ బండి ఇంజను?"

"కింద సగం పాత వేనుది. పైన హెడ్డు కారుది. రెండూ కలిపి నేనే కట్టాను, మా ఊరి జీపుకి."

అరకులోని ఆ స్పేర్‌పార్టుల షాపులో గాయత్రి చేరి రెండేళ్లయింది. ఐటీఐలో మెకానిక్ పని నేర్చుకున్న పిల్ల. ఆ మాట విన్నాక వెటకారం మానేసి కాగితం తీసింది.

"అయితే నీ బెల్టు ఏ పుస్తకంలోనూ దొరకదు. కింద చక్రానికి పళ్లెన్నో, పై చక్రానికి ఎన్నో లెక్కెట్టు. మధ్య దూరం ఇనప టేపుతో కొలు. పైది కిందదానికి సరిగ్గా రెట్టింపుండాల. బెల్టు తేడా వచ్చిందా, వాల్వులెళ్లి పిస్టన్లకి కొట్టుకుంటాయి. అంతే!"

అంతే అంటే ఏమిటో ధర్మకు తెలుసు. ఎనిమిది నెలల కష్టం తుక్కవుతుంది. ఈ ఏడు కూడా కాఫీ మూటలు ఆడవాళ్ల నెత్తిమీదే కొండ దిగుతాయి.

మర్నాడు టేపు కొలతతో పాటు రెండు పొట్లాలు తెచ్చాడు. చక్రం పంటి సందుకో కాఫీ గింజ పెట్టి లెక్క తీశాడట.

గాయత్రి గింజలు పరిచి లెక్కపెట్టింది. ఇరవై. రెండో పొట్లంలో ముప్పై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. ఆమె వేళ్లు కదులుతున్నంతసేపూ ధర్మ రెప్ప వేయలేదు.

"ఒకటి తగ్గింది. నలభై ఉండాల."

"దారిలో పడిపోయుంటాదండి. ఇంకోసారి రమ్మంటే వత్తాను." ధర్మ చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"గురువారం పదింటికి స్టార్టు సెయ్యాలని మీ ఊరి దిసారి ఘడియ పెట్టాడన్నావు. ఇంకెప్పుడొత్తావు? నీ లెక్క నేను నమ్మను. బెల్టులట్టుకుని నేనే వత్తాను."

గురువారం తెల్లారి సన్నటి తుప్పరలోనే గాయత్రి వాళ్ల ఊరికి వచ్చింది. పై చక్రానికి పళ్లు నలభయ్యే. తెచ్చిన రెండు బెల్టుల్లో పొట్టిది ఎక్కలేదు. పొడుగుది ఎక్కింది, దాని వదులు టెన్షనర్ లాగేసింది. ఈలోగా ధర్మ తల్లి సోములమ్మ ఊరి దేవత జాకరమ్మకు దీపం వెలిగించి దణ్ణం పెట్టి, జీపు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది.

"ఘడియ వచ్చేసింది. బేగి తిప్పరా తాళం!"

"ఆగు పిన్నీ. ముందు చేత్తో రెండు చుట్లు తిప్పాల," అంది గాయత్రి.

ఒక చుట్టు సజావుగా తిరిగింది. రెండో చుట్టు సగంలో గట్టిగా ఏదో తగిలి ఆగిపోయింది.

"టైమింగ్ గుర్తు రెండు పళ్లు జరిగిపోనాది. విప్పాల."

"విప్పితే ఘడియ దాటిపోతాది గుంటా!"

ధర్మ అమ్మ ముఖం చూశాడు, ఇంజను ముఖం చూశాడు. జాకరమ్మ తల్లి ఘడియ ఒక్కటే చూస్తుందా, మనిషి జాగ్రత్త కూడా చూస్తుందా? అతనికి తెలియలేదు. తాళం తీసి గాయత్రి చేతిలో పెట్టాడు.

"నువ్వు సెప్పినప్పుడే తిప్పుతాను."

సోములమ్మ దీపంలో ఇంకాస్త నూనె పోసింది. "తల్లికి కోపమొస్తే నా మీదే రానీ. మీరు విప్పండి."

పదకొండు దాటాక రెండు చుట్లూ మెత్తగా తిరిగాయి. గాయత్రి తలూపింది. మొదటి తాళానికే ఇంజను అందుకుంది.

ఆ చప్పుడులో సోములమ్మ కొంగుముడి విప్పి, గాయత్రి అరచేతిలో ఒక కాఫీ గింజ పెట్టింది.

"మొన్న వీడి చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది. పారీబోతే లగెత్తుకొచ్చి లాక్కున్నాడు. ఏటోలే అనుకున్నాను. నిన్ను చూశాక తెలిసింది. ఇందాకే వాడు విప్పి తగిలించిన చొక్కా జేబులోంచి తీశాను."

ధర్మ ఇంజను వైపు తిరిగి, బిగించిన నట్టునే మళ్లీ బిగించసాగాడు.

"నలభై," అంది గాయత్రి, గుప్పిట మూసి. "లెక్క సరిపోయింది పిన్నీ. ఈ గింజ మాత్రం ఇయ్యను. కావాలంటే మా అయ్యని అడగడానికి మీ అబ్బాయిని ఈ జీపులోనే రమ్మను."