రెండో గొంతు

సువార్త తెరమీద మరో కట్టకు ముడి వేసి, బొటనవేలు అద్ది, పక్కకు జరిపింది. భోజనం వేళ దాటింది. టిఫిన్ డబ్బా ఇంకా తెరవలేదు.

యంత్రాలను కలిపే వలలో ప్రతి చిరునామాల కట్టకూ బాధ్యత వహించే ఒక సంఘం ఉండాలి. ఏ కట్ట ఎవరిదో తేల్చి, ఆ సంఘానికి ముడి వేయడం ఆమె పని. ఎవరూ లేరని తేలితే కట్ట తెంచాలి. అప్పుడు దాని మీద నడిచే యంత్రాలన్నీ మూగబోతాయి. తెంచడానికి మాత్రం మనిషి వేలే కావాలని చట్టం.

ఆమె పనిచేసే ముడిశాలలో ఒకప్పుడు రెండు వరుసల కుర్చీలుండేవి. ఇప్పుడు ఆమెది ఒక్కటే. పని చెప్పేదీ, సరిచూసేదీ మూలపట్టిక అనే యంత్రమే. పాపం, తిట్టించుకుందామన్నా పై అధికారి లేడు. డబ్బా మూత తీసేటప్పుడు “ఏం కూర?” అని పక్క కుర్చీ అడుగుతుందేమోనని ఆమె ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.

“తర్వాతి కట్ట, పాతరేవు దీపాలు,” అంది మూలపట్టిక. “సభ్యులు మైలపల్లి ఎల్లాజీ, మైలపల్లి దానమ్మ. సాయంత్రపు హాజరులో రెండు గొంతులూ ఒకరివే. ఒక్కరితో సంఘం చెల్లదు. తెంచండి.”

తెంచే ముందు ఒకసారి పిలిచి మాట్లాడటం ముడిశాల ఆనవాయితీ. చట్టంలో లేదు, వెళ్లిపోయిన పాతవాళ్లు నేర్పారు. సువార్త పిలిచింది.

“ఎల్లాజీ గారేనాండీ? ముడిశాల నుంచి. దానమ్మగారిని ఒకసారి పిలుస్తారా?”

అవతల కెరటాల హోరు. ఆ హోరులోంచి ముసలి గొంతు పలికింది.

“మా ముసల్ది లేదమ్మా. నిరుడు పోనాది. మాపటేల మీ యంత్రం ‘ఉన్నారా’ అని అడుగుతాది కదా, నా వంతు సెప్పీసి దాని వంతూ నానే సెప్పీసేవోణ్ణి. లేదని సెప్పడానికి నోరు రాలేదు.”

“ఇంకెవరినైనా చేర్చుకోండి బాబాయ్.”

“ఎవులున్నారమ్మా? ఊరంతా సముద్రం కిందికి పోనాది, జనం ఎల్లిపోనారు. పడవలు మాత్రం ఇటే వస్తాయి. దీపాలు లేకపోతే పడవలోళ్లు నీటి కింద గోడలకి గుద్దుకుని సచ్చిపోతారు. ఈ మాపటేలకే వొచ్చీస్తాయి.”

తెరమీద ఆజ్ఞ అలాగే వెలుగుతోంది. సువార్త వేలు వెనక్కి తీసుకుంది.

“రెండో సభ్యురాలిని చేర్చాలి.”

“పేరు?” అంది మూలపట్టిక.

ఆమెకు భయం వేసింది. ఈ కుర్చీ పోతే పొద్దున్నే లేచి వెళ్లడానికి మరో చోటు లేదు.

“జక్కంపూడి సువార్త.”

“ముడి వేసేవారు సభ్యులు కాకూడదు. ఉద్యోగం పోతుంది. సమ్మతమేనా?”

“సమ్మతమే.”

ముడి పడింది. మూలపట్టిక ఎన్నడూ లేనంత సేపు ఆలోచించింది.

“తెంచవలసిన కట్టలు, అనేకం. తెంచే అర్హులు, ఎవరూ లేరు. దయచేసి వేచి ఉండండి.”

ఎవరిని ఉండమందో దానికే తెలియాలి. సువార్త డబ్బా తీసుకుని బయటికి నడిచింది.

బస్సు కోసం నిలబడి ఉండగా పొద్దు వాలింది. చేతిలో ఫోన్ మోగింది. సాయంత్రపు హాజరు కోసం మూలపట్టిక ఇద్దరినీ ఒకే లైన్లో కలిపింది.

“పాతరేవు సంఘం. ఉన్నారా?”

“ఉన్నాను,” అన్నాడు ఎల్లాజీ. అలవాటు కొద్దీ మళ్లీ ‘ఉ...’ అనబోయి ఆగిపోయాడు. “తల్లీ, ఇది నీ వంతు.”

ఆ ప్రశ్న తనను ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో సువార్తకు గుర్తులేదు. ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

“ఉన్నాను.”

హాజరు పడింది. మూలపట్టిక తప్పుకుంది. ముసలాయన మాత్రం ఫోన్ పెట్టలేదు.

“పడవలు అగుపడుతున్నాయమ్మా, దీపాల ఎంబడే వస్తున్నాయి. అవునుగానీ, అన్నం తిన్నావా? ఏటి కూర?”

ఆమె బస్‌స్టాప్‌లోనే డబ్బా మూత తీసింది.