పటంలో పక్కకి జరిగిన రాళ్ళు

శారదా నది పొంగి నల్లరేవులో సగం ఊరిని సముద్రంలోకి తోసేసిన వరద తర్వాత పదకొండో ఏడు అది. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. వలల పాకలో పడవలు నడిపే సరంగులందరూ చేరారు గాని, ఒక్కడూ కూర్చోలేదు.

పాక మధ్యలో చాప మీద అడుగుపటం పరచి ఉంది. తడిపంచెలాంటి పలచని తెర. దాని మీద సముద్రపు అడుగంతా కనబడుతోంది, గుంటలు నల్లగా, దిబ్బలు పచ్చగా. ప్రతి పడవ కిందా ఒక ధ్వనికన్ను ఉంటుంది. అది నీటిలోకి శబ్దం వదిలి, తిరిగొచ్చినదాన్ని బట్టి బొమ్మ గీస్తుంది. అన్ని పడవల బొమ్మల్నీ పొరలు పొరలుగా పేర్చి, ఒకే పటంగా కుట్టేది పటపేటి. వరదకి ముందు ఇలాంటి పటాలు కంపెనీలవే, వాటికి తాళాలుండేవి. వరదకి దిబ్బలన్నీ చోటు మారాక, తప్పు కళ్ళకి కనబడుతున్నా దిద్దే వీలు లేకపోయింది. అప్పుడు ఈ ఊరి పైడమ్మా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ కలిసి తాళంలేని పటపేటి కట్టారు. బొమ్మ ఎలా దాచాలో, ఎలా విప్పాలో అంతా బాహాటం. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా తన పొర చేర్చవచ్చు. ఒకరి పొరని ఇంకొకరు తీసెయ్యకూడదు. పొరలు ఒకదానితో ఒకటి పడకపోతే పేటి నడిమిచోటు తీసుకుంటుంది.

ఆకాశంలోని దారిచుక్కలు, అంటే దారి చెప్పే ఉపగ్రహాలు, పాడైపోయాక పడవలకి ఈ పటమే దిక్కు. పడవ తన కింది నేలని విని, పటంతో పోల్చుకుని, చుక్కాని తనే తిప్పుకుంటుంది.

ఆ పొద్దున పైడమ్మ మొగుడు గురయ్య పడవ పటంలో తానున్న చోటు చూపించి, నీళ్ళొస్తున్నాయని చెప్పి, మూగబోయింది. రెండు పడవలు ఆ చోటికే వెళ్ళి వెతికాయి. అక్కడ ఉత్త ఇసుక.

"పొరలు ఇప్పి సూసినాను," అంది పైడమ్మ. తెర మీద ఒక్కో పొరా జరిపి చూపించింది. "ఒకే రాయి ఒక్కొక్కరి పొరలో ఒక్కోకాడ ఉంది. పేటి దాన్ని తీసుకెల్లి నడిమిన ఎట్టీసింది. ఆ నడిమిన ఏ రాయీ నేదు, ఉందని ఎవుడూ సెప్పనూ నేదు. ఎవులు ఎటు జరిపేరో సెప్పండి. దండమెడతాను."

ఎవరో దగ్గారు.

నీటి కింది రాళ్ళగుట్టని ఆ ఊళ్ళో పారు అంటారు. చేపల కాపురం అక్కడే. ఎవడి పారు వాడి గుట్టు. ఎక్కడ వల వేశావని అడగడం మర్యాద కాదు; అడిగితే అమ్మోరు చూపించినకాడ అంటారు. గాలివాన సంగతిలో ఒకడికొకడు అబద్ధమాడరు, పారు సంగతిలో నిజమాడరు. అందుకే ప్రతి సరంగూ తన పారు దాచడానికి మొత్తం బొమ్మనే ఓ పక్కకి లాగి పేటికి ఇచ్చేవాడు. తానొక్కడే లాగుతున్నానని ప్రతివాడూ అనుకున్నాడు. ముసలివాళ్ళు ఒడ్డున కనబడే కొండ గుర్తులతో నడిచేవాళ్ళు కాబట్టి వాళ్ళకేమీ కాలేదు. గురయ్యకి కొండ గుర్తులు తెలియవు. అతను పటాన్ని నమ్మాడు.

"నానైతే ఎంటికవాసి జరపనేదు," అన్నాడు బండియ్య.

"అవును మావా, నువ్వు జరపనేదు. నీ రాళ్ళే నడిసెల్లిపోనాయి," అన్నాడు వెనకనుంచి ఓ కుర్ర సరంగు.

నవ్వబోయినవాడెవడో నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

దానయ్య గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. పైడమ్మకి మేనమామ అతను. నోట్లోంచి మాట తీయాలంటే గాలం వెయ్యాలని ఊళ్ళో అంటారు. అతని పారు తండ్రి చూపించింది. చిన్నప్పుడు తన గడ్డం పట్టుకుని మొహం కొండవైపు తిప్పి, ఇదీ అని చూపించాడు తప్ప నోటితో చెప్పలేదు. చేపలు పడని ఏడాదుల్లో ఇంటిల్లిపాదీ దాని మీదే బతికారు. ఇప్పుడు నోరు విప్పితే అది పోయినట్టే. తాళంలేని పటం, నల్లరేవే కాదు, ఒరిస్సా గట్టుదాకా చూస్తారు. పాక బయట కెరటం హోరు పెరుగుతోంది. గురయ్యకి ఈత వచ్చు. ఎంతసేపు ఈదుతాడు?

"దచ్చినానికి," అన్నాడు.

"ఏటి మావా?"

"నా బొమ్మ. దచ్చినానికి లాగేను. రెండు కేకల దూరం."

"బావా, మతిగాని పోనాదేటి? పారు పోద్ది!" అన్నాడు బండియ్య.

"నీల్లలో మడిసున్నాడు," అన్నాడు దానయ్య.

ఇంకొకడు తెర మీదికి వంగాడు. "నాది తూరుపుకి." ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, తలలు దించుకునే చెప్పారు. బండియ్య మాత్రం తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పైడమ్మ అతని పొరని తన తెర వరకు మూసేసి, మిగతా వాటిని వెనక్కి లాగింది. దిబ్బలు కదిలాయి. గురయ్య ఆఖరిచోటు జారుకుంటూ వచ్చి ఒక రాళ్ళగుట్ట కొమ్ము పక్కన ఆగింది.

అది తన పారేనని దానయ్య వేరే చెప్పనక్కర్లేకపోయింది. అప్పటికే పడవ వైపు నడుస్తున్నాడు. పైడమ్మ వెనకే పరుగెత్తి ఎక్కింది.

తానుతిరుగు చుక్కానిని ఆపేసి, తండ్రి చూపించిన గుర్తు ప్రకారం దీపస్తంభం కొండ మెడవంపులోకి వచ్చేదాకా తనే నడిపాడు. బోర్లాపడ్డ పడవ వీపు మీద గురయ్యా, అతని తోటివాళ్ళిద్దరూ కనబడ్డారు. చలికి ముగ్గురి పెదాలూ నల్లబడ్డాయి. పైడమ్మ మొగుణ్ణి రెక్క పట్టి లాగింది. "పొయ్యి మీద కూరెట్టి వొచ్చినాను. నీ మూలంగా మాడిపోనాది," అని, అప్పుడు ఏడ్చింది.

"మావా, పటంలో ఇక్కడ రాయి నేదు గదా?" అని గురయ్య అడిగిందే అడిగాడు. దానయ్య అతనికి మంచినీళ్ళ డబ్బా అందించాడు.

రేవుకి రాగానే పైడమ్మ సరంగుల దిద్దుబాట్లన్నీ ఊరుమ్మడి పటంలో చేర్చింది. బండియ్య పొర అలాగే ఉండిపోయింది. అది తీసే హక్కు ఆమెకి లేదు. పారు ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ ఒక్క పొర లాగడం వల్ల, గురయ్య పడవ తగిలిన కొమ్మురాయి మాత్రం పటంలో ఇంకా ఓ పడవ పొడవు పక్కకే ఉంది.

మర్నాడు తెలవారేసరికి దానయ్య తన పారు మీద ఉన్నాడు. వల తీసుకెళ్ళలేదు. కొమ్మురాయికి ఆనించి లంగరు దించి, తెడ్డుకి పెళ్ళాం ఎర్రచీర కట్టి ఎత్తి పట్టుకున్నాడు. ఎక్కడెక్కడివో రంగురంగుల పడవలు వరసకట్టి వస్తున్నాయి. అన్నిటికంటే ముందు బండియ్యది. కొడుకులిద్దరూ వల విప్పుతున్నారు.

"అడ్డు లెగు బావా! సముద్రం నీ అబ్బదేటి?"

"ఎడమకి తిప్పరా!" అని దానయ్య అరిచాడు. ఆ గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. "ఎడమకి! నీ కిందే రాయుంది!"

బండియ్య పటం వంక చూశాడు. చీర వంక చూశాడు. చుక్కాని ఎడమకి తిప్పాడు.

దానయ్య తెడ్డు దించలేదు. వెనక ఇంకా పడవలొస్తున్నాయి.