ఇనపడేగ ముక్కు

పక్కింటి శేషారత్నం నీళ్ల పంపు దగ్గర అన్నదట: "ఝాన్సీ ఇంటికి రోజుకో మగాడు వస్తన్నాడు. నిన్న సన్నముక్కోడు, మొన్న దవడ లేనోడు. కట్టుకున్నోడు యాడికి పోయాడో!" ఈ మాట ఝాన్సీ మొగుడి ముందు ఏడుస్తూ చెప్పింది. ఆ మొగుడు మస్తాన్‌రావు ఇప్పుడు సవరణబల్ల మీద వెల్లకిలా పడుకుని నటుల ముఖాలు సవరించే ముఖకారి అంకమ్మకు చెబుతున్నాడు.

"మరి నువ్వేమన్నావయ్యా?" అతని కనుబొమ మీద మత్తుజెల్లు రాస్తూ అడిగింది అంకమ్మ.

"ఏమంటానక్కా? ఆ రోజుకో మగాణ్ణి నేనేగా."

అంకమ్మ నవ్వలేదు. మృదుకత్తి వేడెక్కింది. క్రితం వాయిదా సభలో అభిమానులు దించమన్న కనుబొమ, ఈ పూట వాయిదాకల్లా దిగాలి. కత్తి చర్మాన్ని తెరవదు. లోపలి ఎముకనీ కండనీ పొడిగా మార్చి పీల్చుకుంటుంది. ఆ పొడి పక్కనున్న గాజుగొట్టంలోకి, జిన్నింగు మిల్లులో పత్తిగింజ రాలినట్టు, రాలుతుంది. గొట్టం మీద మస్తాన్‌రావు పేరుంది. సగానికి పైగా నిండింది. తీయడం తప్ప తిరిగి పెట్టడం ఆ కత్తికి చేతకాదు.

"ముఖం చూసి తెరుచుకునే మా ఇంటి తలుపు కూడా నన్ను గుర్తుపట్టడం మానేసిందక్కా. ఝాన్సీ లోపల్నించి తీయాల్సిందే."

"పాప?"

"సిరి నన్ను చూసి మంచం కింద దూరుతది. నేను వంగి నవ్వుతా. నవ్వితే 'నాన్నే' అని బయటికొస్తది." అతను వేలితో పెదవి కొస తాకాడు. "అదొక్కటే మిగిలింది."

నరసరావుపేట శివార్లలోని ఆ పాత పత్తి గోడౌనును ఒప్పుశాల చేశారు. బొమ్మల పుస్తకాల్లోని వీరుణ్ణి తెరకెక్కించాలంటే, ఆ పుస్తకాలు చదివి పెరిగినవాళ్లు ఒప్పుకోవాలన్నది ఇప్పటి చట్టం. హాలు నడుమ సమ్మతి స్తంభం ఉంటుంది. అభిమానుల మనసు ఎటు వాలితే అందులోని నీలిరంగు అటు కదులుతుంది; అంచుదాకా నిండితేనే షూటింగు. ఇనపడేగ అనే వీరుడి పాత్రకు మస్తాన్‌రావును తీసుకున్నప్పటి నుంచీ అది సగం దాటలేదు. నటుణ్ణి మార్చడం కంపెనీకి తలనొప్పి. ముఖాన్ని మార్చడం తేలిక. నటుడు పని మధ్యలో మానేసి పోతే ఆ ముఖం కంపెనీదే, గుడ్డ కప్పుకోకుండా వీధిలోకి రాకూడదని బాండులో ఉంది.

అంకమ్మ పుట్టింటివాళ్లు జాతర వేషాలకు ముఖాలు చెక్కినవాళ్లు. మనిషి ముఖం ముట్టుకునే ముందు దాని అచ్చు తీసి పసుపుగుడ్డలో చుట్టిపెట్టాలి, పని ముగిశాక ఆ మనిషికే ఇచ్చేయాలి, లేకుంటే చేతులు పడిపోతాయని వాళ్ల నమ్మకం. కంపెనీ పద్ధతి ఇందుకు పూర్తిగా ఎదురు. బాండు పడగానే తొలిరూపాన్ని అన్ని తెరల మీదనుంచీ తుడిచేస్తారు, ఎవరూ పోల్చిచూసుకోకుండా. మస్తాన్‌రావు అచ్చు మాత్రం అంకమ్మ అన్నం క్యారియరు పెట్టుకునే బీరువాలో, క్యారియరు వెనకాల ఉంది. బయటపడితే ఆమెను ఇక కత్తి పట్టనివ్వరు.

గంట మోగింది. బల్లా గొట్టమూ చక్రాల మీద వేదిక ఎక్కాయి. మస్తాన్‌రావు కుర్చీలో కూర్చున్నాడు. వాయిదా నడుస్తున్నంతసేపూ నటుడు నోరు విప్పకూడదు.

"ఏం మొహమండీ అది!" ఫణికుమార్ లేచాడు. ఇనపడేగ సంచికలన్నీ కంఠతా వచ్చిన మనిషి, అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉండాలనే మూలవాదుల పెద్ద. మొదటిరోజు మస్తాన్‌రావు ముక్కును వంకాయ అని, ఊళ్లన్నిటిచేతా వంకాయ అనిపించింది ఇతనే. "ఇనపడేగ కొడుకు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు. అప్పుడు కూడా పెదవి కదలదు! ఈయనేమో పెళ్లిలో పప్పు వడ్డించేవాడిలా ఇకిలిస్తాడు!"

హాలు గొల్లుమంది.

"నీ డేగకి నవ్వు రాదు, నీకేమో సిగ్గు రాదు," వెనక వరసలోంచి ఒక అమ్మాయి అరిచింది. "దవడ తీయించిందీ నువ్వే, దవడ లేదని ఏడ్చేదీ నువ్వే!"

"దవడ కాదమ్మాయ్, కోణం! నేను కోణం అడిగితే వీళ్లు దవడ తీశారు!"

వాదన ముదిరింది. ఆ అమ్మాయితో సహా అందరూ కలిసింది ఒక్క మాట మీదే. నవ్వు పనికిరాదు. తెర మీద తీర్మానం వెలిగింది: పెదవి కొసల నరాలు తీసివేయాలి. సవరణ సభలోనే.

"కానివ్వమ్మా," వేదిక చూసుకునే భాస్కరం గొణిగాడు, "స్తంభంలో రంగు పైకొస్తంది."

అంకమ్మ కత్తి అందుకుంది. మస్తాన్‌రావు ఆమె వంక చూసి తల అడ్డంగా ఆడించాడు, ఎవరికీ కనపడనంత కొంచెంగా. ఆమె కత్తిని బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. పసుపుగుడ్డ మూటతో తిరిగొచ్చింది.

"ఇంకో మనిషున్నాడు. చూస్తారా?"

భాస్కరం అడ్డుపడేలోగా అచ్చును, బొమ్మను పెద్దదిగా చూపే మూర్తిదర్శినిలో పెట్టేసింది. యంత్రం దానికి రంగు పూసి, రెప్పలు తెరిపించి, గోడౌను కప్పు అంత ఎత్తున నిలబెట్టింది.

జనం తలలు వెనక్కి వాల్చి చూశారు.

"ఎవరండీ ఈయన?" ఫణికుమార్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "ఆ ముక్కు చూడండి! డేగముక్కంటే అదీ! ఆ దవడ... ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ ఇతన్ని?"

"పుట్టాక మొదటిసారి నిజం మాట్లాడావు," అంది వెనక వరస అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

నీలిరంగు సగం దాటింది, అంచు తాకింది. స్తంభం నిండితే మోగే గంట, ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ విననిది, మోగింది. "పిలవండి! పిలవండి!" అని జనం కాళ్లతో నేల తన్నుతుంటే కప్పుకు అంటుకున్న పాత దూది రాలింది. భాస్కరం కోపం మరిచిపోయాడు. "ఎవరమ్మా అతను? యాడుంటాడు? ఇప్పుడే బాండు రాయిద్దాం!"

అంకమ్మ కుర్చీ వైపు చూసింది. మస్తాన్‌రావు కుర్చీలోంచి లేచి, నడిచి, ఆ పెద్ద ముఖం కింద నిలబడ్డాడు. రెండు ముఖాలకీ కళ్లు మాత్రం ఒకటే. మిగతాదేదీ కలవలేదు. జనం కిందనుంచి పైకి, పైనుంచి కిందికి చూశారు. కాళ్ల చప్పుడు ఒక్కో వరసే ఆగుతూ వచ్చింది.

"మరి... మరి ఆ ముక్కు?" అన్నాడు ఫణికుమార్.

"ఆ గాజుగొట్టంలో ఉంది," అన్నాడు మస్తాన్‌రావు. "వచ్చి అతికించు."