గోటి గీత

పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు పైకి చదవడం ఆయనకు అలవాటు. ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పక్కనున్నాయన అసలు ప్రతి చూసుకుంటుంటే, ఈయన కామాలూ ఫుల్‌స్టాపులతో సహా చదవాలి. ఇంట్లోనూ అదే వరస. "వానలు కురుస్తాయి కామా జాగ్రత్తగా ఉండాలి ఫుల్‌స్టాప్." తల్లి ఆయనకు కామా అనే పేరు ఖాయం చేసింది.

ఆ రోజు మాత్రం పేపరు మడిచి మోకాలి కింద పెట్టుకున్నాడు. మొదటి పేజీలోనే ఉంది వార్త: ప్రభుత్వ టీచర్ల జీతాలు పెంచే బిల్లు మధ్యాహ్నం సభ ముందుకు.

"ఎక్కువ జీతమిస్తామన్న ఆ ప్రైవేటు స్కూలుకి పన్నెండులోపు జవాబు చెప్పాలిగా. చేరతానని చెప్పెయ్," అన్నాడు.

భార్య చేతిలోని గ్లాసు ఠక్కున పెట్టింది. "తొమ్మిదేళ్ళు ఈ ప్రభుత్వ బడిలో కాంట్రాక్టు మీద నెట్టుకొచ్చాను. తీరా జీతం పెరిగే రోజున వెళ్ళిపోమంటారా? ఎందుకో చెప్పండి."

ఆయన కాఫీలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఎనిమిది రోజులుగా ఇదే మౌనం. ఆ మొదటి రోజు సాయంత్రం వానలో లెక్కల మాస్టారు ఆమెను స్కూటరు మీద దింపాడు. అదే రోజు ఈయన ఆలస్యంగా వచ్చి, అన్నం కెలికి లేచిపోయాడు. రెండు చూచిరాత పేపర్లు పక్కపక్కన పెట్టి పోల్చినట్టు ఆమె ఆ రెండు సంగతులనూ ఎన్నిసార్లో పోల్చుకుంది. ప్రతిసారీ ఒకే జవాబు వచ్చింది.

"స్కూటరు ఎక్కినందుకేనా?"

"ఛ! ఏం మాటలవి?"

"మరి ఆ రోజు నుంచే కదా మీ నోరు పడిపోయింది!"

మంచం మీంచి అత్తగారు అందుకుంది. "ఒరేయ్ కామా, కోడలి చేత బడి మాన్పించే బదులు నా కళ్ళద్దాలు వెతికిపెట్టు. ఆ చెప్పేదేదో చెప్పి ఏడు!"

"చెప్పకూడదమ్మా!"

నోరు జారాక ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇలాంటి చెవులను ఆమె తరగతిలో చూసింది. కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారో తెలిసీ, చెప్పనని మాటిచ్చిన పిల్లల చెవులు. ఆమె కోపం కాస్త తడబడింది. అనుమానం మాత్రం ఇంకా కదల్లేదు.

"సరే, చెప్పొద్దు. పేపరన్నా చదవండి."

తప్పించుకోలేక విప్పాడు. "ప్రభుత్వ బడుల టీచర్లు అందరికీ..."

కళ్ళు కింది వరసకు వెళ్ళాయి. బొటనవేలి గోరు మాత్రం కాగితం మీద కదిలింది. "అందరికీ" అన్న మాట మీద నిలువుగా ఒక గీత, కొసన చిన్న చుట్టు. పెళ్ళైన కొత్తలో ఆమె ఉత్తరాల మీద కూడా ఆ గుర్తు పెట్టి తిట్లు తిన్నాడు. తీసెయ్యమని దానర్థం.

తన గోరు ఏం గీసిందో ఆయనకు తెలియదు. చదువుతూనే ఉన్నాడు.

ఆమెకు అప్పుడు తట్టింది, బిల్లు అచ్చయింది ఆయన ప్రెస్సులోనే. సభలో పెట్టకముందు లోపలి సంగతి పొక్కితే ఉద్యోగం పోతుంది. కాంట్రాక్టు టీచర్లకు చోటు లేని ఆ బిల్లును ఎనిమిది రోజులు మింగలేక కక్కలేక తిరిగిన మనిషిని, ఆమె ఎనిమిది రోజులూ బోనులో నిలబెట్టింది. అడిగితే ఇప్పుడు చెప్పేస్తాడు. అందుకే అడగలేదు.

బ్యాగులోంచి 'రాలేను' అని రాసిపెట్టుకున్న ఉత్తరం తీసి చింపింది. బల్ల దగ్గర కూర్చుని మరొకటి రాసి ఆయన ముందు పెట్టింది.

"తప్పులుంటే దిద్దండి."

ఆయన పెన్సిలు తీశాడు. "ప్రిన్సిపాల్ గారికి కామా మీ స్కూల్లో చేరడానికి సమ్మతమే ఫుల్‌స్టాప్..." అదే వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఏమైందర్రా?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. మీ కళ్ళద్దాలు ఫ్రిజ్ మీదున్నాయి." మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మా బడి నుంచి..."

చదువుతున్న ఆయన పెన్సిలు "మా" దగ్గర ఆగింది. బడి వదిలి వెళ్ళే ఉత్తరంలో ఆ మాట ఉండకూడదు. తలెత్తి భార్యను చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది.

"చదవండి," అంది.

ఆ మాటను అలాగే ఉంచి, ఆయన కింది వాక్యానికి వెళ్ళాడు.